ఒప్పుకోలు ఎవరి మాట? – నేరాంగీకారములు, నిరపరాధులకు శిక్షలు

ఉపోద్ఘాతము

"చేయనివాడు చేసితినని ఎందుకు చెప్పును?" అను ప్రశ్న లోకమున తరచుగ వినబడుచుండును. ఒక ఘోరము జరుగును. కొన్నాళ్ళకు పోలీసులు ఒకనిని పట్టుకొందురు. వాడు నేరము ఒప్పుకొనెనని మరునాడు పత్రికలలో వచ్చును. ఇక విచారణతో పనియేమి, శిక్ష వేయుటయే తరువాయి యని మనలో పెక్కురు తలతురు. ఈ తలంపు సహజమే. కాని సరియైనది కాదు. తాను చేయని నేరమును తన నోటితోనే ఒప్పుకొన్నవారు సకల దేశములలోను కలరు. అట్టివారిలో కొందరు ఉరికంబ మెక్కిరి. కొందరు యౌవనమంతయు కారాగారమున గడిపిరి.

నేను న్యాయవాదిని కాను, తెలుగు భాషోపాధ్యాయుడను. నేరాంగీకారము అనునది మొదట ఒక వాక్యసముదాయము. అది ఎవరి నోట పుట్టినది, ఎవరి చేత వ్రాయబడినది, ఎవరి భాషలో నున్నది యను ప్రశ్నలు భాషాధ్యాపకునకు తగినవే. ఈ వ్యాసమున మన తెలుగు సీమకు సంబంధించిన రెండు వ్యవహారములను ముఖ్యముగ గైకొని, ఒప్పుకోలును చట్టము ఏల శంకించునో, ఆ శంకను మరచినప్పుడు ఏమి జరుగునో వివరింప యత్నించెదను.

ప్రాచీన వాఙ్మయమున

ఈ విషయము మన పూర్వులకు తెలియనిది కాదు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. మౌనవ్రతమున నున్న ఆ మునియాశ్రమమున దొంగలు రాజుగారి సొత్తుతో వచ్చి దాగిరి. తరుముకొని వచ్చిన భటులు ప్రశ్నింపగా ముని పలుకలేదు. సొత్తు అచ్చటనే దొరకినది. పలుకకుండుటయే నేరమునకు నిదర్శనమని యెంచి రాజు ఆయనను కొరత వేయించెను. తరువాత నిజమెరిగి రాజు పాదములపై బడెను గాని, శూలము దేహమునుండి ఊడి రాలేదు. దానిని కోసివేయగా కొన లోపలనే నిలిచినది. కావుననే ఆయనకు ఆణిమాండవ్యుడను పేరు వచ్చినది.

మాండవ్యుని మౌనము నేరమైనది. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని మాట నేరమైనది. వసంతసేనను చంపినవాడు శకారుడు తానేయనుకొని, నిందను చారుదత్తునిపై మోపును. విచారణ జరుగుచుండగా ఆమె నగలు చారుదత్తుని మిత్రుని యొడినుండి జారిపడును. నిజము చెప్పకున్న కొరడా దెబ్బలు తప్పవని అధికారులు హెచ్చరింతురు. వసంతసేన లేని బ్రదుకు తనకేల యని విరక్తి చెందిన చారుదత్తుడు నేరమును తనపై వేసికొనును. వధ్యస్థానమునకు కొనిపోవునప్పుడు, చచ్చిపోయినదని అందరును నమ్మిన వసంతసేన సజీవముగా ఎదుటికి వచ్చును. చేతికి చిక్కిన వస్తువు, దెబ్బల బెదరింపు, బ్రదుకుపై విరక్తి యను మూడును కలిసి నిర్దోషి చేత ఒప్పించుట యెట్లో ఆ యొక్క యంకమున కాననగును. నేటి న్యాయశాస్త్రజ్ఞులు చెప్పు కారణములు వీనికి ఎంతో దూరము కావు.

నిర్దోషి ఏల ఒప్పుకొనును?

మొదటి కారణము దెబ్బలు. దీనిని వివరింప నక్కరలేదు. రెండవది అలసట. నిద్ర లేక, తిండి సరిగ లేక, పదిమంది మార్చి మార్చి అడిగిన ప్రశ్నలనే అడుగుచుండ, ఎట్లయినను ఇది ముగిసిన చాలునను స్థితికి మనుష్యుడు వచ్చును. అప్పుడు రేపటి ఉరికంటె నేటి నిద్ర వానికి పెద్దదిగ తోచును. మూడవది ఆశ. "ఒప్పుకొంటివా చిన్న కేసుతో పోవును, లేదా నీ తమ్ముని గూడ తెత్తుము" అను మాటలలో ఆశయు భయమును కలిసియుండును. నాల్గవది, వినుటకు వింతగ నున్నను, న్యాయముపై నమ్మకము. ఇప్పుడు వీరు చెప్పుమన్నది చెప్పెదను, కోర్టులో అయ్యగారి యెదుట నిజము చెప్పుకొందును, ఆయన తెలిసికొనకపోవునా యని నిరపరాధియే ఎక్కువగ తలచును. ఐదవది, పసితనము, చదువులేమి, బుద్ధిమాంద్యము. పెద్దవారు గట్టిగ అడిగినదానికి ఔననుటయే ఇట్టివారికి అలవాటు.

దెబ్బలు లేకున్నను ఇది జరుగుననుటకు అమెరికా దేశమున ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. 1989లో న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కులో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారమును గూర్చి పట్టుబడిన కుర్రవారు గంటల తరబడి ప్రశ్నింపబడి నేరము ఒప్పుకొనిరి. ఆ ఒప్పుకోలు వీడియోలో సైతము ఎక్కినది. 2002లో అసలు దోషి బయటపడి, డి.ఎన్.ఏ. పరీక్ష అతనినే చూపగా, ఐదుగురి శిక్షలును రద్దయ్యెను. ఆ దేశమున డి.ఎన్.ఏ. పరీక్షల వలన నిర్దోషులని తేలిన 375 మందిలో నూటికి 29 మంది వ్యవహారములందు అబద్ధపు ఒప్పుకోలు ఉండెనని ఇన్నొసెన్స్ ప్రాజెక్టు అను సంస్థ లెక్క తేల్చినది. కావున చేయనివాడు ఒప్పుకొనడను మాట నిలువజాలదు.

కిట్టి కాలము నుండి సాక్ష్య చట్టము వరకు

మన దేశమున పోలీసుల యెదుటి ఒప్పుకోలును చట్టము త్రోసివేయుటకు మూలకారణము మన ప్రాంతపు చరిత్రయందే కలదు. కంపెనీ ప్రభుత్వ కాలమున మద్రాసు రాజధానిలో శిస్తు వసూలునకును, నేరము ఒప్పించుటకును చిత్రహింసలు వాడుకలో నుండెను. దీనిపై ఇంగ్లండు పార్లమెంటులో అలజడి చెలరేగగా, ఒక విచారణ సంఘము ఏర్పడి 1855లో నివేదిక సమర్పించినది. ఆ సంఘ సభ్యులలో జాన్ బ్రూస్ నార్టన్ అను న్యాయవాది ఒకడు. వ్రేళ్ళను రెండు కర్రల నడుమ నుంచి నొక్కెడి కిట్టి, మనుష్యుని వంచి వాని గుడ్డతోనే కట్టి ఎండలో నిలుపుట మున్నగు హింసల వర్ణనము అందు కలదు. మద్రాసు రాజధాని యనగా నాటి మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు అందులోనివే. ఆ నివేదికలో మొరపెట్టుకొన్న రైతులలో మనవారును కలరని మరువరాదు.

పిదప 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు చట్టము, పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారము ముద్దాయిపై సాక్ష్యముగ పనికిరాదని విధించినది. ఈ నియమములే 1872 నాటి సాక్ష్య చట్టమున 25, 26, 27 సెక్షన్లుగ చేరినవి. 25వ సెక్షను పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలును త్రోసివేసినది. 26వది పోలీసు కస్టడీలో నున్నవాడు ఎవరితో చెప్పినను, మేజిస్ట్రేటు సమక్షమున గానిచో, చెల్లదన్నది. 27వ సెక్షను మాత్రము ఒక చిన్న కిటికీ తెరచినది. ముద్దాయి చెప్పిన మాటవలన ఏదేని విషయము కనుగొనబడినచో, ఆ విషయమునకు స్పష్టముగ సంబంధించినంత వరకు ఆ మాటను రుజువు చేయవచ్చును.

నియమము కఠినమైనదే గాని హేతువు సులభము. ఊరూరు తిరిగి సాక్ష్యము కూర్చుట శ్రమ. ఠాణాలో కూర్చుండి ఒకని నోట మాట రాబట్టుట సులువు. సులువైన దారిని మూసివేసిన గాని కష్టమైన దారిన ఎవరును నడువరు. ఈ నియమములు నేటికిని మారలేదు. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనున ఈ మూడింటిని ఒక్కచోట చేర్చినది.

యానాము చూచిన రెండు న్యాయములు

యానాము వారికి ఈ చట్టము ఆలస్యముగ సంక్రమించినది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియైనది. భారత శిక్షాస్మృతియు, సాక్ష్య చట్టమును పుదుచ్చేరి ప్రాంతములకు 1963లో వర్తింపజేయబడినవి. అంతకు ముందు ఫ్రెంచి పద్ధతియే మనకు మేర.

ఆ పద్ధతిలో దర్యాప్తు న్యాయాధికారి ముద్దాయిని స్వయముగ ప్రశ్నించును. ఏ సాక్ష్యమునకు ఎంత విలువ యని ముందుగ నియమము లేదు. న్యాయమూర్తుల అంతరంగ విశ్వాసమే ప్రమాణము. ఇంగ్లీషు వారి చట్టము కొన్ని మాటలను ద్వారము వద్దనే ఆపును. ఫ్రెంచివారిది అన్నిటిని లోనికి రానిచ్చి తూకము వేయును. ఏది మేలని తీర్పు చెప్పుట ఈ వ్యాసమునకు మించిన పని. కాని ఒప్పుకోలునకై హింసించుటలోని అనర్థము ఫ్రాన్సుకును అనుభవమే. 1762 మార్చి 10న తులూజ్ నగరమున జాన్ కలా అను వర్తకుడు కన్నకొడుకును చంపెనను అభియోగముపై చిత్రహింసల పాలై చంపబడెను. చివరి శ్వాస వరకు అతడు ఒప్పుకొనలేదు. వొల్టేర్ మహాశయుడు పూనుకొని పోరాడగా 1765లో అతడు నిర్దోషియని ప్రకటింపబడెను. నేరము ఒప్పించుటకై హింసించు పద్ధతిని 1780లో పదునారవ లూయీ రాజు రద్దుచేసెను. హింసకు లొంగనివాడును చచ్చెను, లొంగినవాడును చచ్చెను. నిజము మాత్రము రెండు విధములను బయటపడలేదు.

గడ్డివామిలోని బల్లెము

27వ సెక్షను అను చిన్న కిటికీ ఎంత వరకు తెరువవచ్చును? ఈ ప్రశ్నకు భారతదేశమంతట నేటికిని ప్రమాణముగ నిలిచిన తీర్పు ఒక తెలుగు పల్లెలో జరిగిన పోట్లాటనుండి పుట్టినది. అదియే పులుకూరి కోటయ్య కేసు.

రెండు కక్షల తగవులో కొందరు హతులైరి. గుంటూరు సెషన్సు కోర్టు 1945లో పలువురికి శిక్షలు విధించెను. వారిలో కొందరికి మరణశిక్ష. మద్రాసు హైకోర్టు అప్పీలును కొట్టివేసినది. తుదకు వ్యవహారము లండనులోని ప్రీవీ కౌన్సిలునకు చేరినది. ముద్దాయిలలో ఒకడు పోలీసులకు చెప్పినట్లు వ్రాయబడిన వాఙ్మూలమున, తాము పులిపాడు చెరువు కడ పొంచియుంటిమనియు, ఫలానా వారిని కొట్టి చంపితిమనియు, తన కర్రను, తన చేతికి వచ్చిన బల్లెమును ఫలానా వారి గడ్డివామిలో దాచితిననియు, వచ్చినచో చూపెదననియు కలదు.

1946 డిసెంబరు 19న సర్ జాన్ బోమాంట్ చెప్పిన తీర్పులో ఈ వాఙ్మూలము రెండుగ చీల్చబడినది. బల్లెమును గడ్డివామిలో దాచితిని, చూపెదను అను మాట మాత్రమే చెల్లును. చంపితిమను మాట చెల్లదు. ఏలయన, కనుగొనబడిన విషయము హత్య కాదు. ఆ వస్తువు ఫలానా చోట నున్నదనియు, అది అచ్చట నున్నట్లు ముద్దాయి యెరుగుననియు మాత్రమే. దానితో ఏమి చేసిరో వేరుగ రుజువు కావలెను. వస్తువు దొరకినంత మాత్రమున దానికి కట్టిన కథ యంతయు లోనికి వచ్చునన్నచో 25, 26 సెక్షన్లు ఉన్నను లేనట్లేనని ప్రీవీ కౌన్సిలు అభిప్రాయపడెను. చెల్లని భాగమును విడిచి తక్కిన సాక్ష్యము శిక్షకు చాలునా యని తిరిగి పరిశీలింపుమని వ్యవహారమును మద్రాసు హైకోర్టునకు పంపెను.

మన పల్లెటూరి గడ్డివామి నేడు దేశమందలి ప్రతి న్యాయశాస్త్ర విద్యార్థికి పాఠమైనది. ఐనను ఈ కిటికీ నుండియే నేటికిని అనర్థము ప్రవేశించుచున్నది. ఇద్దరు మధ్యవర్తులు, ఒక నివేదిక, ఒక కత్తియో చొక్కాయో దొరికినట్లు వ్రాత. మధ్యవర్తులు నిజముగ అచ్చట నుండిరా, వస్తువు ముందుగనే పోలీసుల చేత లేదా యనునవే కోర్టులలో నిత్యము తలయెత్తు ప్రశ్నలు.

విజయవాడ వ్యవహారము

2007 డిసెంబరు 27న విజయవాడ చేరువనున్న ఇబ్రహీంపట్నమున ఒక వసతిగృహములో ఫార్మసీ చదువుచున్న బాలిక అత్యాచారమునకు గురియై హత్య చేయబడెను. అట్టి నేరములకు బలియైన వారి పేరు ప్రకటింపరాదని చట్టము చెప్పుచున్నందున ఆమె పేరు ఇచ్చట వ్రాయలేదు. రాష్ట్రమంతయు అట్టుడికినది. దోషిని పట్టుకొనుడని నానాటికి ఒత్తిడి పెరిగినది.

2008 ఆగస్టులో నందిగామ ప్రాంతమునకు చెందిన పిడతల సత్యంబాబు అను దళిత యువకుని పోలీసులు నిర్బంధించి, ఇతడే దోషియనియు, నేరము ఒప్పుకొనెననియు ప్రకటించిరి. ఆ ఒప్పుకోలు న్యాయస్థానమున చెల్లదు. కాని పత్రికలలోను, జనుల మనస్సులలోను చెల్లినది. ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియే, ఇతడు దోషి కాడని మొదటినుండియు మొరపెట్టుకొనెను. కూతురిని చంపిన వానికి శిక్ష పడవలెనని ఆమెకంటె కోరువారెవరు? ఐనను ఆ మాట ఎవరికిని పట్టలేదు. సత్యంబాబు నాడీసంబంధమైన వ్యాధిచే కాళ్ళు చచ్చుబడి, నిర్బంధములో నుండగనే హైదరాబాదు నిమ్సు ఆసుపత్రిలో చికిత్స పొందెను. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్సు కోర్టు అతనిని దోషిగ నిర్ణయించి శిక్ష విధించినది. తరువాతి యేండ్లు అతడు రాజమహేంద్రవరము కేంద్ర కారాగారమున గడిపెను. మన యానాము రేవున పారు నీరు ఆ పట్టణపు గట్టును ఒరసికొని వచ్చినదే.

2017 మార్చి 31న హైదరాబాదు ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు సి.వి. నాగార్జునరెడ్డి, ఎమ్.ఎస్.కె. జైస్వాల్ గార్లు అప్పీలుపై తీర్పు చెప్పిరి. నేరము రుజువు కాలేదని సత్యంబాబును విడుదల చేయుచు, అతనికి లక్ష రూపాయలు చెల్లింపవలెననియు, దర్యాప్తు జరిపిన అధికారులపై చర్య తీసికొనవలెననియు ఆదేశించిరి. ఎనిమిదిన్నర యేండ్లకు పైగ గడచిన పిమ్మట అతడు వెలుపలికి వచ్చెను. 2018లో ఉన్నత న్యాయస్థానము తిరిగి దర్యాప్తు జరుపుమని సి.బి.ఐ.ని ఆదేశించినది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ బాలిక అస్థికలను వెలికితీసి పరీక్షకు పంపవలసి వచ్చినది.

ఇందలి నష్టము ఒక్క సత్యంబాబుదే కాదు. ఒక నిర్దోషిని లోన నుంచిన ప్రతి దినమును అసలు దోషికి దొరకిన దినమే. సాక్షుల జ్ఞాపకములు మాసిపోవును, గురుతులు చెరగిపోవును. తల్లికి బిడ్డపోయిన దుఃఖముతోపాటు, చంపినవాడెవడో తెలియని దుఃఖము తోడగును. అబద్ధపు శిక్ష బాధితునకు న్యాయము కాదు. వానికి జరుగవలసిన న్యాయమునకు అడ్డుగోడ.

వాఙ్మూలపు భాష

ఇక భాషా విషయము. ఠాణాలో వ్రాయబడిన వాఙ్మూలములను చూచినవారికి ఒక సంగతి తెలియును. మా ప్రాంతపు కూలివాడు మాట్లాడునప్పుడు "ఆయేల పొద్దుగూకాక రేవుకాడికి ఎల్లానండి" యనును. వ్రాతలో అదే మాట "సదరు తేదీన సాయంత్రము సుమారు 6 గంటల సమయమున నేను సదరు రేవు వద్దకు వెళ్ళియుంటిని" అని మారును. వానికి "సదరు" అను మాట తెలియదు, గడియారముతో పనిలేదు. ఇది నా ఊహాకల్పిత నిదర్శనమే గాని, ఈ తీరు అందరెరిగినదే. వ్రాయసగాడు మాటను మార్చుచున్నప్పుడు అర్థమును మాత్రము మార్చలేదని ఎట్లు నమ్ముట? "అచ్చట ఉన్నానండి" అనుటకును "అచ్చట పొంచియుంటిని" అనుటకును నడుమ ఒక మనుష్యుని ప్రాణమున్నది.

ఈ ప్రశ్ననే ఇంగ్లండున ఒక భాషాశాస్త్రజ్ఞుడు శాస్త్రీయముగ పరిశీలించెను. తిమొతీ ఇవాన్సు అను చదువురాని యువకుడు తన బిడ్డను చంపెనను అభియోగముపై 1950 మార్చి 9న లండనులో ఉరితీయబడెను. పోలీసుల యెదుట చేసిన ఒప్పుకోలు అతనిపై బలమైన సాక్ష్యము. మూడేండ్లకు, అదే యింట కాపురమున్న క్రిస్టీ అనువాడు పెక్కుమంది స్త్రీలను చంపినట్లు బయటపడినది. 1966లో ఇవాన్సుకు మరణానంతరము రాజక్షమ లభించెను. 1968లో యాన్ స్వార్ట్‌విక్ అను పండితుడు ఇవాన్సు వాఙ్మూలములలోని వాక్యనిర్మాణమును లెక్కించి చూచెను. నేరమును ఒప్పుకొను భాగముల వాక్యములు ఒక తీరునను, తక్కిన భాగములవి వేరొక తీరునను ఉన్నట్లు తేలినది. న్యాయభాషాశాస్త్రమను శాఖకు ఇది తొలి మెట్టు.

1953లో ఉరితీయబడిన డెరెక్ బెంట్లీ వ్యవహారమున, వాఙ్మూలమందు "తరువాత" అను అర్థముగల చిన్న మాట ప్రజలు వాడు స్థానమున గాక, పోలీసుల వ్రాతలలో వాడు స్థానమున పదే పదే వచ్చుటను మాల్కమ్ కూల్ట్‌హార్డ్ అను ఆచార్యుడు గుర్తించెను. 1998లో ఆ శిక్ష రద్దయ్యెను. వాక్యములో ఒక పదము ముందు వెనుకలైనందున ఎవరి మాటయో తెలిసినది. మన తెలుగులో మాండలికములు, యాసలు, మర్యాదా రూపములు ఇంతకంటె సంపన్నమైనవి. తెలుగు వాఙ్మూలములపై ఇట్టి పరిశోధన మన విశ్వవిద్యాలయములు పూనుకొనదగిన కార్యము.

భాష వేరైనచోట చిక్కు ఇంకను పెద్దది. శేషాచలము అడవులలో రక్తచందనపు వ్యవహారములలో పట్టుబడిన తమిళ కూలీలెందరో కలరు. తెలుగు రానివాని మాట తెలుగు కాగితముపైకి వచ్చునప్పుడు నడుమ నున్న దుబాసీ ఎవడు? అట్లే పొట్టచేతబట్టుకొని పొరుగు రాష్ట్రములకు పోయిన మన తెలుగు కూలీ అచ్చట చిక్కుకొన్నచో, వాని ముందుంచిన కాగితము వాడు చదువలేడు. యానాము వారి అప్పీళ్ళు మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు పోవును. అచ్చటికి తెలుగు మాట ఇంగ్లీషు అనువాదముగనే చేరును. పులుకూరి కోటయ్య కేసులో లండనులోని న్యాయమూర్తులు చదివినదియు అనువాదమే. భాషాల్పసంఖ్యాకుల హక్కులనగా పాఠశాలలు మాత్రమే యని తలపరాదు. తన మాటను తన భాషలో వ్రాయించుకొని, తనకు తెలియు భాషలో చదివించుకొని వినుట గూడ వానిలోనిదే.

చట్టము తన నియమమును తానే సడలించినపుడు

ఉగ్రవాదమును అణచుటకై చేసిన టాడా చట్టము 1987 నుండి 1995 వరకును, పోటా చట్టము 2002 నుండి 2004 వరకును అమలులో నుండెను. ఈ రెండును సూపరింటెండెంటు స్థాయి పోలీసు అధికారి వ్రాసికొన్న ఒప్పుకోలును సాక్ష్యముగ అంగీకరించినవి. ఫలితము తెలిసినదే. గాంధీనగరమున అక్షరధామము పై 2002లో జరిగిన దాడి విషయమున ఇట్టి ఒప్పుకోళ్ళు ఆధారముగ ఆరుగురికి శిక్షలు పడెను. అందు ముగ్గురికి మరణశిక్ష. 2014 మే 16న సుప్రీము కోర్టు ఆ ఒప్పుకోళ్ళను విశ్వసింపక ఆరుగురిని నిర్దోషులుగ విడిచిపెట్టెను. 1855 నాటి గుణపాఠమును మరచినందుకు ఇది మూల్యము.

మన హక్కులు

పాఠకులు గుర్తుంచుకొనదగిన కొన్ని విషయములను ఇచ్చట సంగ్రహించుచున్నాను. తనకు వ్యతిరేకముగ సాక్ష్యమిమ్మని ఎవనిని నిర్బంధింపరాదని రాజ్యాంగమున 20వ అధికరణము మూడవ ఖండము చెప్పుచున్నది. 22వ అధికరణము ప్రకారము అరెస్టునకు కారణము తెలుపవలెను. కోరిన న్యాయవాదిని సంప్రదింపనీయవలెను. ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట హాజరు పరుపవలెను. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొన్న వాఙ్మూలముపై చెప్పినవాని సంతకము తీసికొనరాదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షను విధించినది.

ఒప్పుకోలును వ్రాసికొనుటకు అర్హుడు మేజిస్ట్రేటు. 183వ సెక్షను ప్రకారము, ఒప్పుకొనవలెనను నిర్బంధము లేదనియు, ఒప్పుకొన్నచో అది తనకే వ్యతిరేకముగ వాడబడుననియు ఆయన ముందుగ చెప్పవలెను. ఒప్పుకొనుటకు ఇష్టము లేదన్నవానిని తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదు. బెదరింపులకు గురియైనవాడు ధైర్యముగ నోరు విప్పదగిన చోటు ఇదియే. పేదవానికి ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ననుసరించి లభించును. ఠాణాలలో కెమెరాలు అమర్చవలెనని 2020 డిసెంబరులో సుప్రీము కోర్టు ఆదేశించినది.

నష్టపరిహారము విషయమున మాత్రము మన చట్టము బీదది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో జరిగిన ప్రేలుడు తరువాత పట్టుబడి నిర్దోషులుగ బయటపడిన యువకులకు 2012లో రాష్ట్ర ప్రభుత్వము పరిహార మిచ్చినది. ఆ యుత్తర్వును 2013లో ఉన్నత న్యాయస్థానము రద్దుచేసెను. న్యాయస్థానమువారి దయాదాక్షిణ్యములపై గాక, హక్కుగ పరిహారము లభించుటకు చట్టము కావలెనని లా కమీషను 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫారసు చేసినది.

ఉపసంహారము

పై చర్చ వలన తేలినదేమన, ఒప్పుకోలు నేరపరిశోధనకు ముగింపు కాదు. అది పరీక్షింపవలసిన మరియొక వస్తువు మాత్రమే. ఎవరు చెప్పిరి, ఎవరి యెదుట చెప్పిరి, ఏ స్థితిలో చెప్పిరి, ఎవరి మాటలలో వ్రాయబడినది యని నాలుగు ప్రశ్నలు వేసి గాని దానిని నమ్మరాదు. ఇది న్యాయమూర్తులకే కాదు, పత్రిక చదివి రచ్చబండపై తీర్పు చెప్పు మనకును వర్తించును. సత్యంబాబును మొదట శిక్షించినది న్యాయస్థానము కాదు. "ఒప్పుకొన్నాడట" యను మన మాట.

మాండవ్యుని శూలమునుండి దింపిరి గాని ఆణి దేహముననే నిలిచినది. నిర్దోషియని తీర్పు వచ్చి వెలుపలికి వచ్చినవాని దేహమునను అట్టి ఆణి యొకటి మిగిలిపోవును: పోయిన యేండ్లు, చెడిన ఆరోగ్యము, ఊరివారి చూపు. దానిని పూర్తిగ తీయుట ఎవరి తరమును కాదు. కొరత వేయకముందే మరియొకసారి ప్రశ్నించుట మాత్రము మనతరమే.